సోడా సీసా మీద నాయకుడి బొమ్మ



కూల్‌డ్రింకు సీసాలో ఉండేదేమిటి? నీళ్లు, పంచదార, గ్యాసు, కాస్త రంగు, కాస్త వాసన. ఏ కంపెనీ మూత తీసినా లోపలి సరుకు ఇంచుమించు ఇదే. అందుకే ఈ వ్యాపారంలో సరుకు చుట్టూ అల్లే కథకు గిరాకీ ఎక్కువ. సినిమా హీరోని పెడితే కోట్లు అడుగుతాడు. క్రికెటర్ని పెడితే అతని ఫామ్ పోయిననాడు ప్రకటనకూ కళ పోతుంది. చనిపోయిన నాయకుడితో ఈ బాధలేవీ ఉండవు. పారితోషికం అడగడు, కాల్‌షీట్లు లేవనడు, పార్టీ మారడు. మీసమో గడ్డమో, టోపీనో కళ్లజోడో చూడగానే అందరూ గుర్తుపడతారు. ఆయన చేతికి ఒక సీసా ఇచ్చి, నోట ఒక చిలిపిమాట పలికిస్తే జనం నవ్వుతారు. నవ్విన నోటికి దాహం వేయకపోతుందా అని కంపెనీవాడి ఆశ.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ నవ్వు గురించే. చరిత్రలోని రాజకీయ నాయకులను కూల్‌డ్రింకుల అమ్మకానికి, అదీ హాస్యంగా, వాడుకోవడం తప్పా ఒప్పా? నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇలాంటి జోకులు రెండు రకాలు. నాయకుడి కథ గుర్తుంటేనే నవ్వొచ్చేవి కొన్ని. ఆ కథ మరిచిపోతేనే నవ్వొచ్చేవి కొన్ని. మొదటి రకాన్ని హాయిగా ఆస్వాదించవచ్చు. రెండో రకానికి మన నవ్వు దక్కకూడదు. ఎందుకో కొన్ని జరిగిన సంగతులతో చెబుతాను.

ముందు మాస్కో వెళదాం. 1959 జులైలో అక్కడి సొకోల్నికి పార్కులో అమెరికా తన జాతీయ ప్రదర్శన పెట్టింది. ప్రచ్ఛన్న యుద్ధం మంచి వేడి మీదున్న రోజులు. అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్, సోవియట్ అధినేత కృశ్చేవ్ ఒక నమూనా వంటింటి ముందు నిలబడి, నీ వ్యవస్థ గొప్పదా నా వ్యవస్థ గొప్పదా అని వాదులాడుకున్నది ఆ ప్రదర్శనలోనే. పెప్సీ కంపెనీ విదేశీ వ్యాపారం చూసే డొనాల్డ్ కెండాల్ అంతకుముందే నిక్సన్‌ను ఒక సాయం అడిగి ఉంచాడు. కృశ్చేవ్ చేతిలో ఎలాగైనా ఒక గ్లాసు పెప్సీ పెట్టించాలి! నిక్సన్ మాట నిలబెట్టుకున్నాడు. వాదన వేడిలో ఉన్న అతిథిని మెల్లగా పెప్సీ స్టాలు దగ్గరికి నడిపించాడు. కెండాల్ రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి అమెరికా నీళ్లతో కలిపింది, ఇంకొకటి మాస్కో నీళ్లతో కలిపింది. ఏది బాగుందని అడిగితే కృశ్చేవ్ ఏమంటాడో ఊహించడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. మాస్కో నీళ్లదే బ్రహ్మాండంగా ఉందన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లనూ తాగమన్నాడు. కెమెరాలు క్లిక్కుమన్నాయి. కమ్యూనిస్టు ప్రపంచపు నాయకుడు అమెరికా కూల్‌డ్రింకు తాగుతున్న ఫొటో దేశదేశాల పత్రికల్లో వచ్చింది. కంపెనీకి అంత పెద్ద ప్రకటన పైసా ఖర్చు లేకుండా దక్కింది. నాలుగేళ్లకు కెండాల్ ఆ కంపెనీకి అధిపతి అయ్యాడు.

ఇందులో హాస్యం ఎవరూ రాసిపెట్టింది కాదు. పరిస్థితిలోనే ఉంది. బద్ధశత్రువు చేతిలో శత్రువు గ్లాసు ఉండటమే తమాషా. ఆ శత్రుత్వం సంగతి తెలియనివాడికి అది గ్లాసు పట్టుకున్న ఒక బట్టతల పెద్దమనిషి ఫొటో మాత్రమే.

అంతకుముందే ఇంకో తమాషా జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో బెర్లిన్‌ను జయించిన సోవియట్ సేనాపతి మార్షల్ జూకోవ్‌కు కోకా కోలా రుచి పట్టుకుంది. అమెరికా సామ్రాజ్యవాదానికి గుర్తు లాంటి ఆ నల్లటి డ్రింకుతో స్టాలిన్ రాజ్యంలో ఎవరికైనా కనబడితే ఇంకేమన్నా ఉందా? అందుకని ఆయన కోసం ప్రత్యేకంగా రంగు తీసేసిన కోలా తయారైంది. మామూలు సీసాలో, తెల్లటి మూత మీద ఎర్ర నక్షత్రంతో వెళ్లింది. చూసేవాళ్లు వోడ్కా అనుకోవాలి! యుద్ధభూమిలో హిట్లర్ సైన్యానికి బెదరని మనిషి కూల్‌డ్రింకును దాచుకుని తాగాల్సి వచ్చిందన్నమాట. ఏ యాడ్ ఏజెన్సీ రచయితకూ తట్టనంత గొప్ప వ్యంగ్యం అది.

తర్వాత కథ వేగంగా నడిచింది. 1972లో పెప్సీకీ సోవియట్ ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరింది. సోవియట్లకు ఇచ్చే పెప్సీకి బదులుగా కంపెనీ అమెరికాలో సోవియట్ వోడ్కా అమ్ముకోవచ్చు. 1974లో నల్లసముద్రపు ఒడ్డున నొవొరోసిస్క్‌లో పెప్సీ ఫ్యాక్టరీ మొదలైంది. 1989 వచ్చేసరికి డబ్బుకు బదులుగా సోవియట్లు పాతబడిన 17 జలాంతర్గాములనూ, మరో మూడు యుద్ధనౌకలనూ పెప్సీ చేతికి ఇచ్చారు. అవి తుక్కు కిందికే వెళ్లాయి. అయినా సోవియట్ యూనియన్ ఆయుధాలు దించేయించడంలో మీకంటే మేమే ముందున్నామని కెండాల్ అమెరికా ప్రభుత్వ పెద్దలతో పరాచికమాడినట్టు చెబుతారు.

ఇప్పుడు లెనిన్ దగ్గరికి వద్దాం. రష్యా నుంచి అమెరికాకు వలసవెళ్లిన చిత్రకారుడు అలెగ్జాండర్ కొసొలాపోవ్ 1980లో ఒక బొమ్మ వేశాడు. ఎర్రటి నేపథ్యం. ఒక పక్క లెనిన్ ముఖం, ఇంకో పక్క కోకా కోలా అక్షరాలు. కింద కోలా కంపెనీ వాడుకున్న నినాదాన్నే లెనిన్ సంతకంతో పెట్టాడు. ఆ ఎరుపు కమ్యూనిజానిదా, కోలాదా? ఇళ్ల గోడల మీద, కూడళ్లలో, కార్యాలయాల్లో ఒకే ముఖం నిత్యం కనిపించే దేశంలో పెరిగినవాడు, ఒకే గుర్తు అడుగడుగునా కనిపించే ఇంకో దేశానికి వచ్చాడు. రెండూ ప్రచారమేగా అని ఒక్క బొమ్మతో రెండింటికీ కలిపి చురక వేశాడు. అది కళ. ఇలాంటి చురకతోనే వ్యాపారం కూడా వచ్చింది. కాలిఫోర్నియాలో ఒక చిన్న సోడా సంస్థ లెనినేడ్ అనే పేరుతో ఎర్రటి డ్రింకు తయారుచేసింది. సీసా మీద సుత్తీ కొడవలీ. దాని రుచి ఎలాంటిదయ్యా అంటే క్యూలో నిలబడైనా తాగాల్సినంత గొప్పదని సీసా మీద రాశారు.

ఈ జోకు నాకు ఇష్టం. ఎందుకంటే, రొట్టె కోసం, మాంసం కోసం, బూట్ల కోసం సోవియట్ ప్రజలు గంటల తరబడి క్యూలలో నిలబడ్డారన్న సంగతి తెలిస్తేనే అది పేలుతుంది. తెలియనివాడు ఇదేమిటని అడుగుతాడు. అడిగితే ఎవరో ఒకరు చెబుతారు. ఒక సోడా సీసా పుణ్యమా అని చరిత్రలో ఒక పేరా బతికి ఉంటుంది. పైగా ఆ చురక తగిలేది అధికారానికి. క్యూలో నిలబడ్డ మనిషిని అది వెక్కిరించదు, ఆ మనిషి పక్కనే నిలబడి నవ్వుతుంది.

ఇక్కడే గోర్బచేవ్ మాట కూడా చెప్పాలి. కూల్‌డ్రింకు కాదు గానీ, చాలాకాలం పెప్సీ కింద నడిచిన పిజ్జా హట్ కోసం ఆయన 1997 చివర్లో ఒక ప్రకటనలో కనిపించాడు. దేశాన్ని అల్లకల్లోలం చేశాడని ఒకడు, స్వేచ్ఛ తెచ్చాడని ఇంకొకడు హోటల్లో ఆయన ఎదుటే గొడవపడతారు. ఈయన వల్లే మనకు పిజ్జా కూడా దొరుకుతోందని ఒక పెద్దావిడ తీర్పు చెబుతుంది. అందరూ కలిసి ఆయనకు జై కొడతారు. పిజ్జా మాత్రం తాను తిననని గోర్బచేవ్ ముందే షరతు పెట్టాడు. ఆయన మనవరాలు తింది. తన ఫౌండేషన్ నడపడానికి డబ్బు అవసరమై ఒప్పుకున్నాడు. రష్యాలో ఆ ప్రకటన ప్రసారం కాలేదు. ఒక అగ్రరాజ్యాన్ని ఏలినవాడు పిజ్జా దుకాణంలో కూర్చోవడం చూసి బాధపడ్డవాళ్లున్నారు. కానీ అక్కడ రెండు సంగతులు గమనించాలి. ఆ మనిషి అప్పటికి బతికే ఉన్నాడు, తనంతట తాను ఒప్పుకున్నాడు. ఆయన మీదున్న విమర్శను కూడా ఆ ప్రకటన దాచలేదు. చనిపోయిన నాయకులకు ఈ రెండు అవకాశాలూ ఉండవు.

అమెరికాలో ఎన్నికలకూ సోడాకూ పాత స్నేహం. 1964లో రిపబ్లికన్ అభ్యర్థి పేరు బ్యారీ గోల్డ్‌వాటర్. ఆ పేరు చూసి ఊరుకుంటారా? డబ్బాల్లో గోల్డ్ వాటర్ అనే కూల్‌డ్రింకే వచ్చింది. ప్రత్యర్థి జాన్సన్ పేరు మీద కూడా ఇంకో డ్రింకు దిగింది. డబ్బాలు చేతులు మారాయి గానీ ఓట్లు మారలేదు. గోల్డ్‌వాటర్ ఆరు రాష్ట్రాలు మాత్రమే గెలిచి చిత్తుగా ఓడిపోయాడు. 1984లో ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిన జెరాల్డిన్ ఫెరారో మరుసటి ఏడే డైట్ పెప్సీ ప్రకటనలో కనిపించింది. 2008లో సియాటిల్‌లోని జోన్స్ సోడా సంస్థ ఒబామా, మెకెయిన్, హిల్లరీల పేర్లతో కోలాలు పెట్టింది. కనెటికట్‌లోని ఏవరీస్ అనే పాత సోడా దుకాణం ఒబామాను బెర్రీ పండ్ల రుచిగా, మెకెయిన్‌ను క్రీమ్ సోడాగా మార్చేసింది. వీటిలో దాచేదేమీ లేదు. అభ్యర్థులు బరిలో ఉన్నారు. వాళ్ల మీద జోకు వేయడం పౌరుడి హక్కు, దాన్ని సీసాలో పోసి అమ్ముకోవడం వ్యాపారి చొరవ. ఎన్నికలు అయిపోగానే లేబుళ్లకూ కాలం చెల్లుతుంది.

మన దేశంలో కూడా ఒక ఎన్నికల ఫలితం సీసాలోకి ఎక్కింది. 1973 విదేశీ మారక నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలి. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ కోకా కోలాను ఆ నిబంధన పాటించమని పట్టుబట్టాడు. తన రహస్య ఫార్ములా వదులుకోలేక కోకా కోలా దేశమే వదిలింది. దాని స్థానంలో ప్రభుత్వ రంగంలోని మోడరన్ ఫుడ్ ఇండస్ట్రీస్ ఒక కోలాను తెచ్చింది. ఫార్ములా మైసూరులోని ఆహార పరిశోధన సంస్థది. పేరు డబుల్ సెవెన్. ఎమర్జెన్సీ పోయి జనతా గెలిచిన 77వ సంవత్సరం గుర్తుగా. ఒక పార్టీ గెలిచిన ఏడాదిని కూల్‌డ్రింకుకు పేరుగా పెట్టిన ప్రభుత్వం ఇంకోటి ఉందో లేదో! 1980లో ఇందిరా గాంధీ తిరిగి గెలిచింది. ఓడిపోయిన ప్రభుత్వపు విజయోత్సవాన్ని సీసా మీద మోస్తున్న డ్రింకును ఎవరు ఆదుకుంటారు? మెల్లగా కనుమరుగైంది. అదే 1977లో పుట్టిన థమ్సప్ మాత్రం ఏ పార్టీ పేరూ పెట్టుకోలేదు. నిలబడింది. 1993లో కోకా కోలా తిరిగొచ్చి దాన్నే కొనుక్కుంది.

ఇంతవరకూ చెప్పినవి కథ గుర్తుంటే నవ్వొచ్చే సంగతులు. ఇక రెండో రకం.

2015లో జర్మనీలో ఫాంటాకు 75 ఏళ్లు నిండాయి. పాత పద్ధతి సీసాలో ప్రత్యేక ఫాంటా విడుదల చేసి, ఆ మంచి రోజుల రుచి మళ్లీ తెచ్చామని ప్రకటన ఇచ్చారు. 75 ఏళ్లు వెనక్కి లెక్కపెట్టండి. 1940. జర్మనీని ఏలుతున్నది హిట్లర్! యుద్ధం వల్ల కోకా కోలా ముడిసరుకు రాక ఆగిపోతే, అక్కడి కంపెనీ అధికారి మాక్స్ కైట్ పాలవిరుగుడు నీళ్లూ, ఆపిల్ పిప్పీ వంటి మిగులు సరుకుతో కొత్త డ్రింకు చేయించాడు. అదే ఫాంటా. ప్రకటనలో హిట్లర్ ముఖం ఎక్కడా లేదు. కానీ ఆ మంచి రోజులు ఎవరివి అని జనం అడిగేసరికి, కనిపించని ఆ ముఖం అందరికీ కనిపించింది. కంపెనీ ప్రకటనను వెనక్కి తీసుకుంది. కావాలని చేసింది కాకపోవచ్చు. మరిచిపోయి చేశారు. నేను చెబుతున్న తప్పు అదే.

చే గువేరా సంగతి ఇంకో తీరు, సీసాలో ఉన్నది కూల్‌డ్రింకు కాకపోయినా. 1960 మార్చి 5న హవానాలో, ఓడ పేలుడులో చనిపోయినవారి సంతాప సభలో అల్బెర్తో కోర్దా ఆయన ఫొటో తీశాడు. ఈ రోజు టీ షర్టుల మీదా, ఆటోల వెనకా, మన ఊళ్లలో ఫ్లెక్సీల మీదా కనిపించే ఆ ముఖం ఎవరినో తిట్టడానికి పెట్టింది కాదు. చచ్చిపోయినవారి కోసం కోపంతో, దుఃఖంతో బిగుసుకున్న ముఖం. 2000లో స్మిర్నాఫ్ వోడ్కా ప్రకటనలో దాన్ని వాడితే కోర్దా కోర్టుకెక్కాడు. చే ఆశయాలను చాటడానికి ఫొటోను ఎవరు వాడుకున్నా అభ్యంతరం లేదనీ, మద్యం అమ్మడానికి మాత్రం ఒప్పుకోననీ ఆయన వాదన. రాజీలో వచ్చిన సుమారు 50,000 డాలర్లను క్యూబాలో పిల్లల వైద్యానికి ఇచ్చేశాడు.

ఇక మన గాంధీ. ఈ కథలో హైదరాబాదుకు నేరుగా పాత్ర ఉంది. అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ బ్రూయింగ్ కంపెనీ గాంధీని రోబోలాగా బొమ్మ వేసి, గాంధీ బాట్ పేరుతో బీరు అమ్మింది. 2015 జనవరిలో హైదరాబాదులోని నాంపల్లి కోర్టులో దానిమీద ఒక న్యాయవాది పిటిషన్ వేశారు. కంపెనీ క్షమాపణ చెప్పింది. తర్వాత పేరును జీ బాట్ అని మార్చింది. 2019లో ఇజ్రాయెల్‌లో మరో బీరు కంపెనీ, తమ దేశ ప్రధానుల బొమ్మలతో పాటు గాంధీ బొమ్మనూ సీసాల మీద వేసింది. నల్ల కళ్లజోడు, రంగుల చొక్కాతో. రాజ్యసభలో సభ్యులు లేవనెత్తితే, అప్పట్లో సభాధ్యక్షుడిగా ఉన్న మన వెంకయ్యనాయుడు గారు విదేశాంగ మంత్రిని చర్య తీసుకోమన్నారు. ఆ కంపెనీ కూడా క్షమాపణ చెప్పి ఆ సీసాలను ఆపేసింది.

గాంధీగారి మీద జోకు వేయకూడదా? వేయవచ్చు. ఆయనకంటే బాగా జోకులు వేసినవాళ్లు ఆ తరం నాయకుల్లో ఎంతమంది ఉన్నారు? ఆయన మేకపాలు, ఆయన మొలగుడ్డ, ఆయన గడియారం పిచ్చి మీద నవ్వుకుంటే ఆయనే ముందు నవ్వేవాడు. కానీ కల్లు దుకాణాల ముందు పికెటింగ్ చేయించిన మనిషి బొమ్మను బీరు సీసా మీద అంటిస్తే, ఆ జోకు పేలాలంటే చూసేవాడు ఆ పికెటింగ్ సంగతి మరిచిపోవాలి. పైగా నవజీవన్, యంగ్ ఇండియా పత్రికలు నడిపినప్పుడు ఆయన వాటిలో ప్రకటనలే వేసుకోలేదు. ప్రకటనల డబ్బు వద్దన్న మనిషిని ప్రకటనలో నిలబెట్టడం వ్యంగ్యం అనిపించుకోదు. అజ్ఞానం అనిపించుకుంటుంది.

దీనికి మన దేశంలో చట్టం ఉంది. చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం, 1950. గాంధీ, నెహ్రూ, ఇందిరా గాంధీ, ఛత్రపతి శివాజీ పేర్లూ బొమ్మలూ, ప్రధానమంత్రి పేరూ బొమ్మా వ్యాపారానికి వాడరాదని దాని జాబితా చెబుతుంది. చట్టం రాసిననాడు గరిష్ఠ జరిమానా 500 రూపాయలు. ఈ రోజు లెక్కలో కంపెనీ మీటింగులో టీ, సమోసాల ఖర్చు! ఒక ఆసక్తికరమైన మినహాయింపు కూడా ఉంది. క్యాలెండర్ల మీద ఈ నాయకుల బొమ్మలు వేసుకోవచ్చు, సరుకు తయారీదారు, పంపిణీదారు పేర్లకే పరిమితమై సరుకును పొగడకుండా ఉంటే. మన ఇళ్లలో ఎరువుల దుకాణం వాళ్లూ, బట్టల కొట్టు వాళ్లూ ఇచ్చిన క్యాలెండర్లలో గాంధీ, నెహ్రూ అన్నేళ్లు గోడ మీద చిరునవ్వులు చిందించింది ఆ వెసులుబాటుతోనే. చట్టం చేసినవాళ్లకు తేడా తెలుసు. బొమ్మకు దణ్ణం పెట్టి కింద తన పేరు రాసుకోవడం వేరు, బొమ్మ చేత తన సరుకు మోయించుకోవడం వేరు.

ఇక ఈ అంశంలో అన్నిటికంటే లోతైన కథ మార్టిన్ లూథర్ కింగ్‌ది. ఆయన సొంత ఊరు అట్లాంటా. కోకా కోలా సొంత ఊరూ అదే. 1964లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వస్తే ఊరి తెల్ల వ్యాపారులు చాలామంది సన్మాన విందుకు టికెట్లు కొనడానికి మొహం చాటేశారు. తన ఊరి నోబెల్ విజేతను గౌరవించని చోట ఒక అంతర్జాతీయ సంస్థ ఉండటం ఇబ్బందని కోకా కోలా అధినేతలు లోపాయికారీగా మాట పంపారు. టికెట్లు అమ్ముడయ్యాయి. 1965 జనవరి 27న విందు ఘనంగా జరిగింది. అదే కింగ్ మూడేళ్ల తర్వాత, 1968 ఏప్రిల్ 3న, మెంఫిస్‌లో తన ఆఖరి ప్రసంగంలో, ఉద్యోగాలివ్వడంలో నల్లవారికి న్యాయం చేయని కంపెనీల సరుకు కొనవద్దని పిలుపునిచ్చాడు. ఆ జాబితాలో కోకా కోలా పేరు కూడా ఉంది. మర్నాడే ఆయన్ని కాల్చి చంపారు. కూల్‌డ్రింకు ఆయన రాజకీయాల్లో ఒక ఆయుధం. ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

2017 ఏప్రిల్ 4న, సరిగ్గా ఆయన వర్ధంతి నాడు, పెప్సీ ఒక ప్రకటన విడుదల చేసింది. వీధిలో ఊరేగింపు సాగుతోంది. ఎదురుగా పోలీసులు. ఒక ఫ్యాషన్ మోడల్ వచ్చి పోలీసు చేతికి పెప్సీ డబ్బా ఇస్తుంది. అంతే, గొడవ సమసిపోయి అందరూ కేరింతలు. మర్నాడు కింగ్ కూతురు బెర్నిస్ కింగ్ ఒక పాత ఫొటో పెట్టింది. అందులో పోలీసులు ఆమె తండ్రిని నెట్టేస్తున్నారు. ఈ డ్రింకుకున్న మహిమ మా నాన్నకు తెలిసుంటే ఎంత బాగుండేదో అన్న అర్థం వచ్చేలా ఒక్క వాక్యం రాసింది. ఆ రోజే పెప్సీ ప్రకటనను వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పింది. కోట్లు పోసి తీసిన ప్రకటనను ఒక కూతురి ఒక్క వాక్యం కూల్చేసింది. ఆమె కూడా హాస్యమే వాడింది, గమనించండి. చరిత్రలోని నాయకుడినీ కూల్‌డ్రింకునూ పక్కపక్కన పెట్టి నవ్వించింది. ఆ నవ్వు చరిత్రను గుర్తుచేసింది కాబట్టే అంత పదునుగా తగిలింది.

వారసులు అనుమతిస్తే సరిపోతుందా అని మీరు అడగవచ్చు. జార్జియా రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1982లోనే, కింగ్ బొమ్మలను ప్లాస్టిక్‌లో పోసి అమ్మిన సంస్థ కేసులో, తన రూపం మీద మనిషికున్న హక్కు మరణం తర్వాత కూడా నిలుస్తుందని తీర్పు చెప్పింది. మంచి తీర్పే. కానీ 2018లో ఒక ట్రక్కుల కంపెనీ, కింగ్ ఎస్టేట్ అనుమతితోనే, ఆయన ప్రసంగాన్ని తన ప్రకటనలో వినిపించింది. ఆ ప్రసంగంలోనే ఆయన, ప్రకటనల మాయలో పడి అవసరం లేని కార్లు కొనేవాళ్లను మందలించాడు! కంపెనీ ఆ భాగాన్ని వదిలేసి మిగతాది వాడుకుంది. కాబట్టి అనుమతి పత్రం కంపెనీని కోర్టు నుంచి కాపాడగలదేమో గానీ, చరిత్ర ఎరిగినవాళ్ల నోళ్ల నుంచి కాపాడలేదు.

మన తెలుగునాట ఈ బేరం తరచుగా తిరగబడి నడుస్తుంది. ముందు కూల్‌డ్రింకు, తర్వాత రాజకీయం. థమ్సప్ ప్రకటనల్లో కనిపించిన చిరంజీవి గారు 2008లో పార్టీ పెట్టారు. పెప్సీ ప్రకటనలో కనిపించిన పవన్ కల్యాణ్ గారు 2024లో ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి అయ్యారు. రేపు ఇక్కడి సోడా కంపెనీ ఏదైనా చరిత్రలోకి చేయి చాపితే నేను చెప్పిన కొలత ఎలా పనిచేస్తుందో చూద్దాం.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నాడు. 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రానికి ఎక్కిన ప్రపంచ కుబేరుడు. అదే మనిషి పిసినారితనం గురించి హైదరాబాదులో ఎన్ని కథలో. జేకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాడని చెబుతారు. అలాంటి నిజాం ఒక గోలీ సోడా బిల్లు మీద ఆ వజ్రం పెట్టి, చిల్లర కోసం సోడావాడితో బేరమాడుతున్నట్టు ప్రకటన తీశారనుకోండి. హైదరాబాదీలు పగలబడి నవ్వుతారు, పిల్లలు జేకబ్ వజ్రం అంటే ఏమిటని అడుగుతారు. ఆ జోకు బతికేది చరిత్ర మీదే.

ఇప్పుడు పొట్టి శ్రీరాములు గారిని అలాంటి ప్రకటనలో ఊహించండి. ఊహే తప్పనిపిస్తుంది కదా. 1952 డిసెంబర్ 15న ఆహారం మాని ప్రాణం వదిలిన మనిషి పక్కన కూల్‌డ్రింకు సీసా పెట్టాలంటే, మనం ఆ దీక్షను మరిచిపోవాలి. 1969 తెలంగాణ ఉద్యమంలో తూటాలకు బలైన పిల్లల విషయమూ అంతే. నిజాం, శ్రీరాములు గారు ఇద్దరూ చరిత్ర పురుషులే. ఒకరి మీద జోకు చెల్లుతుంది, ఇంకొకరి మీద చెల్లదు. అందుకని చరిత్రలోని ఏ నాయకుడినీ ముట్టుకోవద్దని అడ్డగోలుగా నిషేధం పెట్టమని నేను అనను. అలా పెడితే నిజాం వజ్రం మీది నవ్వు కూడా పోతుంది. అధికారాన్ని వెక్కిరించే హక్కు పోతుంది. చెడ్డ జోకుకు భయపడి మంచి జోకును చంపుకోకూడదు.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, చనిపోయినవాళ్లను మాట్లాడించడం రోజురోజుకీ తేలికవుతోంది. 1991లోనే డైట్ కోక్ ప్రకటన చనిపోయిన సినిమా నటులను తెర మీద మళ్లీ నడిపించింది. అప్పుడది నిపుణులు పనిచేసి సాధించిన విడ్డూరం. ఇప్పుడు అలాంటి బొమ్మను కదిలించడానికి ఒక ఫోను చాలు. ఏ స్వాతంత్ర్య యోధుడి గొంతుతోనైనా ఏ సరుకునైనా పొగిడించవచ్చు. అక్కడ అడ్డుకట్ట వేయగలిగింది చట్టం కొంత, చూసేవాళ్ల జ్ఞాపకం చాలా.

అందుకే శ్రోతలకు నా విన్నపం ఒక్కటే. ఇలాంటి ప్రకటన కనిపిస్తే ముందు నవ్వండి, తర్వాత పక్కనున్న పిల్లలకు ఆ నాయకుడెవరో చెప్పండి. చెప్పాక ఆ జోకు ఇంకా బాగుంటే, అది మంచి జోకే. చెప్పాక నవ్వు ఆగిపోతే, ప్రకటనల ప్రమాణాల మండలికి ఒక ఫిర్యాదు రాయండి. అది రాయడానికి మీరు న్యాయవాది కానక్కర్లేదు, వినియోగదారుడైతే చాలు. కంపెనీలు గాంధీకి భయపడవు, కింగ్‌కూ భయపడవు. కొనడం మానేసే మనిషికి మాత్రం తప్పకుండా భయపడతాయి.